తాళము లేని పెట్టె

వేసవి సెలవులకు మా యింటికి వచ్చియున్న మా మేనల్లుడు ఒకనాటి మధ్యాహ్నమున మా గదిలోనికి వచ్చి, ఏదియో అడుగదలచి అడుగలేక తలుపుప్రక్కను కొంతసేపు నిలువబడెను. "ఏమిరా?" అని మేమే అడుగవలసివచ్చెను. వాడు కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నవాడు. తన చేతిఖర్చులలో మిగిల్చుకొన్న సొమ్ముతో అంతకు రెండు దినములక్రిందట ఒక కంప్యూటరు ఆటను కొనియుండెను. "మామయ్యా, మా స్నేహితుడొకడు ఈ ఆట తనకును కావలెనని పెన్‌డ్రైవు తెచ్చినాడు. దీనికి తాళము లేదు. రెండు నిమిషములలో ప్రతి తీసి యీయవచ్చును. ఇయ్యనా?" అని అడిగెను.

మేము వ్రాతపనిలో నుంటిమి. తల యెత్తకయే "ఇయ్యరాదు" అంటిమి. వాడు కదలలేదు. "మీ బీరువాలోని పుస్తకములను వీధిలోని వారందరికిని ఎరువిచ్చుచుందురు గదా? అది తప్పు కానప్పుడు ఇదేల తప్పగును?" అనెను. మేము కలము క్రింద పెట్టితిమి. సమాధానము తోచలేదు. తోచినదని నటించుటకు వాని ముఖము చూడగా మనసొప్పలేదు. "రేపు చెప్పెదను" అని పంపివేసితిమి. ఈ వ్యాసము ఆ రేపటికొఱకు మేము చేసికొన్న ఆలోచన.

ఇట్టి ఆటల నెఱుగని చదువరుల కొఱకు రెండు మాటలు. మావాడు కొన్నది పోలెండు దేశమువారు చేసిన "విచర్" అను ఆటలలో రెండవది. ఆంద్జెయ్ సప్కొవ్‌స్కి అను పోలిష్ రచయిత 1986లో ఒక మాసపత్రికలో ప్రకటించిన కథతో దీని మూలము మొదలైనది. కూలి పుచ్చుకొని భూతములను వేటాడు గెరాల్ట్ అనువాడు నాయకుడు. ఆడువాడు ఆ నాయకుని పాత్రను తానే ధరించి, ఎవరితో నేమి పలుకవలెనో, ఎవరిని నమ్మవలెనో, ఎవరిని విడువవలెనో తానే నిర్ణయించుకొనును. మొదటి అధ్యాయము చివర ఇద్దరు మనుష్యులలో నొకరి పక్షమును వహింపవలసివచ్చును. ఎవరి పక్షము వహించితిమో దానినిబట్టి రెండవ అధ్యాయ మంతయు వేఱుగా నడచును. ఒకమాఱు ఆడినవాడు సగము కథను చూడకయే ముగించునన్నమాట. ఇట్టి ఆటలు పిల్లలను చెఱచునవే యని మేము కొంతకాలము నమ్మియుంటిమి. ఇది మాత్రము పిల్లల ఆట కాదు, పెద్దల కొఱకు చేసినది. దానిలోని పాత్రలలో ఎవ్వడును కేవలము మంచివాడు కాడు. మావాడు రాత్రి భోజనమువేళ ఆ ఇద్దరిలో ఎవరు న్యాయవంతులో తల్లితో వాదించుచుండగా విని, ఇది పనికిమాలిన వినోదము కాదని మేము తెలిసికొంటిమి.

ఆ ఆటను చేసినవారి చరిత్ర మా ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా నున్నది. పోలెండులో 1994లో క్రొత్త గ్రంథస్వామ్య చట్టము వచ్చువఱకు కంప్యూటరు ప్రోగ్రాములకు స్పష్టమైన రక్షణ లేదు. పాశ్చాత్యదేశములలో చేసిన ఆటల ప్రతులు అక్కడి బజారులలో బహిరంగముగా అమ్ముడుపోవుచుండెడివి. కొన్నవాడు దొంగసరుకు కొన్నాననుకొనడు, అమ్మినవాడు దొంగసరుకు అమ్మితి ననుకొనడు. ఆ 1994లోనే మార్చిన్ ఇవిన్స్కీ, మిహావ్ కిచిన్స్కీ అను ఇద్దరు యువకులు వార్సా నగరమున సీ.డీ. ప్రాజెక్ట్ అను సంస్థను పెట్టి, విదేశపు ఆటలను న్యాయముగా తెచ్చి అమ్మబూనిరి. బజారులో అగ్గువకు దొరకు సరుకును తాము ప్రియముగా అమ్ముట ఎట్లు? 1999లో "బాల్డర్స్ గేట్" అను పెద్ద ఆటను తెచ్చినప్పుడు వారు చేసిన పని గమనింపదగినది. ఆటలోని మాటల నన్నిటిని పోలిష్ భాషలోనికి మార్చి, పేరుపొందిన నటులచేత పలికించి, పటము మొదలైనవి చేర్చి, చేతబట్టుకొన్నచో బరువుగా నుండు అందమైన పెట్టెలో నుంచి అమ్మిరి. దొంగప్రతిలో ఇవి యేవియు లేవు. జనులు బజారు విడిచి వీరియొద్దకు వచ్చి కొనిరి. సొంతభాషలో ఒక గొప్ప కథను వినవలెనను కోరిక వట్టి అగ్గువసరుకుమీది ఆశను గెలిచినది. తెలుగున గ్రంథములు ప్రకటించువారు ఈ సంగతి నొకసారి తలచుకొనుట మంచిది.

తక్కిన వ్యాపారులు పట్టిన దారి తాళముల దారి. అది క్రొత్తది కాదు. 1988లో వెలువడిన "పూల్ ఆఫ్ రేడియన్స్" అను ఆటతో నొక అట్టచక్రము నిచ్చిరి. ఆట మొదలుపెట్టుటకు ఆ చక్రమును త్రిప్పి గుర్తులు సరిపోల్చి మాట చెప్పవలెను. చక్రము పోగొట్టుకొన్నవాడు డబ్బిచ్చి కొన్న ఆటముందు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. రానురాను తాళములు కంటి కగపడనివైనవి. కొనినవాని యంత్రములో దాగియుండి కావలి కాయు ప్రోగ్రాములు వచ్చినవి. 2008లో "స్పోర్" అను ఆటను అమ్మినవారు దానిని మూడు మాఱులకంటె ఎక్కువగా యంత్రములలో స్థాపింపరాదని మొదట విధించిరి. జనులు గగ్గోలుపెట్టిన పిమ్మట ఐదు చేసిరి. ఇంత చేసినను దొంగప్రతి ఆగెనా? ఆగలేదు. దొంగ తాళమును ఊడబెఱికి తన ప్రతిని సుఖముగా ఆడుకొనెను. తాళము బాధ యంతయు కొన్నవానికే మిగిలెను. తాళము వేసితిమి గొళ్లెము మఱచితిమి అన్న సామెత యిచ్చట చాలదు. గొళ్లెము ఇంటివాని చేతికే తగిలించినట్లైనది.

మన దేశపు గ్రంథస్వామ్య చట్టము ప్రోగ్రామును న్యాయముగా పొందినవాడు అది చెడిపోవునను భయమున రక్షణకై ఒక ప్రతి తీసి దాచుకొనుటను నేరముగా నెంచదు. అదే చట్టమునకు 2012లో చేసిన సవరణ, హక్కుల నుల్లంఘించు తలంపుతో ఇట్టి తాళమును తప్పించినవానికి రెండేండ్లవఱకు చెఱ విధింపవచ్చునన్నది. రెండును న్యాయమే. కాని తాళము వేసినవాడు చట్టము ఇచ్చిన మొదటి సౌకర్యమును తన యిచ్చవచ్చినట్లు మూసివేయుచుండగా దానిని అడుగువారు లేరు.

ఇంతకంటె చింతింపదగిన సంగతి మఱియొకటి యున్నది. తాళపుచెవి అమ్మినవానియొద్దనే యున్నచో మనము కొన్నది కొన్నట్లేనా? 2009లో అమెజాన్ సంస్థ తాను అమ్మిన కొన్ని పుస్తకములను, అమ్మకపు హక్కు సరిగా లేదన్న కారణమున, కొన్నవారి కిండిల్ యంత్రములనుండి వారికి తెలియకుండగనే తుడిచివేసి, సొమ్ము తిరిగి యిచ్చెను. ఆ పుస్తకములలో జార్జి ఆర్వెల్ వ్రాసిన "1984" ఒకటి. విధి యొక్కొక్కప్పుడు హాస్యగాడగును. 2024 మార్చి 31న "ది క్రూ" అను ఆట సర్వరులను దానిని చేసినవారు మూసివేయగా, పది సంవత్సరములుగా దానిని కొన్నవారందఱి చేతిలోను ఉత్త పెట్టెలు మిగిలినవి. ఈ యన్యాయమును చూచియే కాలిఫోర్నియా రాష్ట్రమువారు ఒక చట్టము చేసిరి. అది 2025 మొదటినుండి అమలునకు వచ్చినది. తరువాత లాగివేసికొనదగిన సరుకును "కొనుము" అను మాటతో అమ్మువాడు, అది వట్టి అనుమతి మాత్రమేయని కొనువానికి స్పష్టముగా చెప్పవలెనని దాని సారము. అద్దె యింటికి అమ్మకపు దస్తావేజు వ్రాయరాదని చెప్పుటకు ఒక శాసనము కావలసివచ్చెనని మేము ఆశ్చర్యపడితిమి.

కావున తాళము లేకుండ అమ్మువాడు కొనువానికి రెండు వస్తువుల నిచ్చుచున్నాడు. ఒకటి ఆట. రెండవది నిజమైన స్వామ్యము. ఆ రెండవదానితో చెప్పక చెప్పుచున్న మాట యొకటి కలదు: "నిన్ను నమ్మితిని."

2008లో సీ.డీ. ప్రాజెక్టువారు పాత ఆటలను తాళములేకుండ అమ్ముటకు గుడ్ ఓల్డ్ గేమ్స్ అను అంగడిని ఇంటర్నెట్టున తెఱచిరి. 2011 మే 17న "విచర్" రెండవ భాగము వెలువడినప్పుడు ఒక చిత్రమైన పరీక్ష తనంతట తానే జరిగినది. దుకాణములలో అమ్మిన పెట్టెలకు సెక్యూరోమ్ అను తాళము వేయబడినది. తమ అంగడిలో అమ్మిన ప్రతికి తాళము లేదు. తాళము లేనిదానినే కదా దొంగలు పంచిపెట్టవలసినది? అట్లు కాలేదు. తాళము వేసినదానినే ఎవరో బద్దలుకొట్టి లోకమంతట వెదజల్లిరని ఇవిన్స్కీ తరువాత చెప్పెను. తాళము పగులగొట్టుటయే కొందఱికి బిరుదము. తెఱచియున్న తలుపును దాటుటలో బిరుదేమున్నది? కొలదిదినములలోనే కంపెనీవారు ఒక సవరణను పంపి దుకాణపు ప్రతులనుండియు ఆ తాళమును తీసివేసిరి. అది ఆటను మందగింపజేయుచుండెనని వారే ఒప్పుకొనిరి.

ఇంతవఱకు కథ నీతిపాఠమువలె నున్నది. కాని చదువరులయెదుట దాచక చెప్పవలసిన తరువాతి భాగ మొకటి యున్నది. ఆ 2011 చివరను ఇవిన్స్కీ తన అంచనాగా, కొన్నవారు పది లక్షలకు మించియుండగా దొంగప్రతులు 45 లక్షలవఱకు నుండునని చెప్పెను. ఆ కాలముననే జర్మనీలో కొందఱికి న్యాయవాదులద్వారా నోటీసులు పోయినవి: "మీరు ఆటను దొంగిలించితిరి, సొమ్ము కట్టుడు" అని. తాము ఎన్నడు నెఱుగని ఆటకు తమపై నింద వచ్చెనని కొందఱు మొఱపెట్టుకొనిరని పత్రికలు వ్రాసినవి. తాళము తీసినవాడే తలుపుచాటున కఱ్ఱతో నిలువబడెనని అభిమానులు నొచ్చుకొనిరి. 2012 జనవరిలో కంపెనీవారు బహిరంగలేఖ వ్రాసి, తమ్ము నమ్మినవారి నమ్మకమే తమకు ముఖ్యమని, నోటీసులను మానుచున్నామని ప్రకటించిరి.

మేము ఈ ఘట్టమును గూర్చి చాలసేపు ఆలోచించితిమి. వారికి కోపము వచ్చుట తప్పా? ఏండ్లతరబడి పదులకొలది మనుష్యులు కూర్చుండి చేసిన పనిని లక్షలమంది ఊరక అనుభవించుచుండగా చూచి యూరకుండవలె ననుటకు మనమెవరము? అట్లయ్యును నమ్మకము, బెదరింపు ఒక వరలో ఇమడవని వారే అనుభవమున తెలిసికొనిరి. వందమందిలో నొక్కడు నిరపరాధి యయినను, నమ్మితినని పలికిన నోటితో వానిని దొంగ యనుట ఆ తొంబదితొమ్మండుగురు చేసిన నష్టముకంటె పెద్ద నష్టము. వారు వెనుకకు తగ్గిరని కొందఱు పిఱికితన మనిరి. మాకు అది ధైర్యముగానే తోచినది. 2015లో వెలువడిన మూడవ భాగమునకు వారు తాళమే వేయలేదు. 2023 నాటికి అది 5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైనది. దీనినిబట్టి తాళము లేనిచో లాభము వచ్చునని సిద్ధాంతము చేయుట మా యుద్దేశము కాదు. మంచి ఆట గనుక అమ్ముడైనదని ఎవరైన నన్నచో మేము కాదనము. లాభము రాకున్నను అది సరియైన పనియే యగునా అనునదే మా ప్రశ్న.

ఇక కొనినవాని ధర్మము. ఇచ్చట తెలివిగలవారు మూడు వాదములు చేయుదురు. ప్రతి తీసినందున అసలు తఱుగదు గనుక అది దొంగతనము కాదనునది మొదటిది. ఇందులో కొంత నిజమున్నది. సైకిలు ఎత్తుకొనిపోయినచో సొంతగాడు నడచిపోవలెను; ఆటను ప్రతి తీసినచో సొంతగాని ఆట వానియొద్దనే యుండును. కావున మేము దానిని దొంగతనమని పిలువము. కాని దొంగతనము కానిదెల్ల దోషము కాకపోదు. ధర్మశాస్త్రకారులు ఇల్లడను గూర్చి, అనగా నమ్మి దాచుమని యిచ్చిన సొమ్మును గూర్చి, ప్రత్యేకముగ విధులు చేసిరి. దానిని అపహరించినవానిని దొంగతో సమానముగ దండింపవలె ననిరి. తాళము తీసి చేతికిచ్చిన వస్తువు సగము సరుకు, సగము ఇల్లడ. ఆ రెండవ సగమునకు మనము వెల యీయలేదు, ఎవడును ఈయలేడు.

బీదవాడేమి చేయవలెనను ప్రశ్న రెండవది. దీనిని చులకన చేయుటకు మాకు నోరాడదు. పాఠ్యభాగముల నకళ్లు తీయించుకొను విద్యార్థుల విషయమున ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2016లో విద్యాబోధనకొఱకు అది చట్టసమ్మతమే యని తీర్పుచెప్పినప్పుడు మేము సంతోషించినవారమే. చదువు ఆకలివంటిది. ఆట అట్టిది కాదు. పైగా ఇట్టి పాత ఆటలను పండుగవేళల వెల మిక్కిలి తగ్గించి అమ్ముచుందురు. ఆగగలిగినచో బీదవాడును కొనగలడు. హోటలులో నొక పూట తినుటకు వెనుదీయని యింటి పిల్లవాడు ఆటయొద్ద బీదవాడగుట మాకు నవ్వు తెప్పించును. నిజముగా లేనివానిని మేము కఠినముగా చూడము. వానిచేతికి ప్రతి నిచ్చు కలవాని నడిగెదము: నీవు చేసిన దానము ఎవరి సొమ్ము?

మూడవ వాదము మా మేనల్లునిది. దీనికే మేము రాత్రి యంతయు మేలుకొనవలసివచ్చెను. పుస్తకము నెరువిచ్చితిమనగా మా బీరువాలో ఆ చోటు ఖాళీయగును. అది తిరిగి వచ్చువఱకు మేము దానిని చదువలేము. వచ్చునో రాదో యను దిగులును మాదే. రానివి మావి కొన్ని యున్నవి. ఎరువిచ్చుటలో ఇచ్చువానికి కొంత లోటు కలదు. ఆ లోటే దానిని స్నేహముగా చేయుచున్నది. ప్రతి తీసి యిచ్చుటలో ఇచ్చువానికేమి లోటు? లోటంతయు దూరదేశమున పనిచేసినవానికి. పేరు మాత్రము మనకు. ఇతరుల యింటి గాదెలోని ధాన్యమును దారిన పోవువారికి కొలిచి దాతయని యనిపించుకొన్నట్లుండును. విద్య ఇచ్చినకొలది పెరుగునని పెద్దలు చెప్పినది తన విద్యను గూర్చి. పరుల కష్టమును గూర్చి కాదు. అంగడివారు వ్రాసియుంచిన నియమమును గూడ మావాడే చదివి చూపెను: కొన్నది కొన్నవాని స్వంత వినియోగమునకే.

మఱునాడు ఉదయము కాఫీవేళ ఈ మాటలన్నియు వానితో చెప్పితిమి. వాడు శ్రద్ధగా వినెను. "సరే మామయ్యా, వానిని సాయంకాలములయందు ఇక్కడికే రమ్మని చెప్పెదను. ఇద్దఱము కలసి ఆడుకొందుము" అనెను. మాకు సంతోషమైనది. వాడు లేచిపోవుచు గుమ్మముకడ నిలిచి, ఎత్తిపొడుపు ఏమాత్రమును లేని గొంతుతో "మీరు వ్యాసములు వ్రాసికొను ప్రోగ్రాము కొన్నదేనా?" అని అడిగెను.

కొన్నది కాదు. ఆరేండ్లక్రిందట కంప్యూటరు కొన్నప్పుడు దుకాణపు కుఱ్ఱవాడు "అన్నియు వేసియిచ్చినానండి" అనగా మేము సరేయని తలయూపి, మఱియేమియు అడుగక తెచ్చుకొంటిమి. అడుగనక్కఱలేనట్లుగ నడచుకొనుట మనబోటివారికి బాగుగ అలవాటు. ఆ యంత్రముమీదనే మేము లంచములను గూర్చి, కట్నములను గూర్చి, పరుల సొమ్మునకు ఆశపడుటను గూర్చి ఎన్ని వ్యాసములు వ్రాసితిమో మా చదువరులకు తెలియును. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడందురు. ఇరువదేండ్లు నిండని పిల్లవాడు కాఫీగ్లాసు చేతబట్టుకొనియే పట్టుకొనెను. మా చెల్లెలు వంటయింటినుండి విని నవ్వెను. మేము నిజము చెప్పితిమి. వాడు మఱేమియు అనలేదు.

స్నేహితుడు నాలుగు సాయంకాలములు వచ్చెను. ఐదవనాడు రాలేదు. వేఱొకరియొద్ద ప్రతి దొరకినదనియు, మావానికంటె ముందుగా కథలో చాలదూరము పోయితిననియు ఫోనులో చెప్పెనట. మావాడు కొంచెము చిన్నబుచ్చుకొని "మనమే తెలివితక్కువవారమా మామయ్యా?" అని అడిగెను. కావచ్చునని మేమంటిమి. వానికి ఆ సమాధానము రుచింపలేదని ముఖముననే కనబడెను. మేమును అంతకంటె మంచిది చెప్పలేకపోతిమి.

మా పాత ప్రోగ్రామును ఆ వారమే తీసివేయించితిమి. దాని స్థానమున, చేసినవారే అందఱికిని ఉచితముగా పంచుకొనుడని విడిచిన వ్రాతప్రోగ్రామును మావాడే స్థాపించి యిచ్చిపోయెను. పాత వ్యాసములు కొన్ని క్రొత్తదానిలో సరిగా తెఱచుకొనుట లేదు. వత్తులు ఊడిపోయినవి, గుడులు చోటు మాఱినవి. రోజున కొకటి చొప్పున తీసి సరిచేసికొనుచున్నాము.